వెనకేసుకొచ్చేవాడు

అక్క తయారుచేస్తున్న వీడియో గేమ్ సగంలో ఉండగానే అమ్మకానికి వచ్చింది. మీరు ఆడుతూ ఉండండి, మిగతాది నేను కడుతూ ఉంటాను అని ముందే చెప్పింది. అయినా కొన్నవాళ్లు వారం తిరక్కుండానే తిట్లు లంకించుకున్నారు.

"గేమ్‌లో వంతెన ఎక్కితే పాతాళంలోకి జారిపోతున్నారట. నిన్ను మోసగత్తె అంటున్నారే!" మధ్యాహ్నం వచ్చిన చెల్లెలు ఫోనులో చదువుతూ పకపకా నవ్వింది.

"ఉడికీ ఉడకని కూడు పెడితే దీవిస్తారా మరి?" అక్క కూడా నవ్వేసింది. "ఒక్కడు మాత్రం మొదటినుంచీ నన్ను వెనకేసుకొస్తున్నాడు. అతనేమన్నాడో చూడవే. అతని మాటలే లేకపోతే ఈ గేమ్ ఎప్పుడో వదిలేసేదాన్ని."

చెల్లెలు వెతికింది. "ఇదిగో, ఇప్పుడే పెట్టాడు. 'ఆవిణ్ణి ఏమీ అనకండి. పాపం, పొద్దున్నించీ కుర్చీలోంచి లేవలేదు.'"

"చూశావా, ఎంత మంచివాడో!" అక్క మురిసిపోయింది. "ఇంకా చదువు."

చెల్లెలు ఈసారి ఒక్కో మాటే ఆగి ఆగి చదివింది.

"'ఇప్పుడు చెల్లెలు వచ్చాకే ఆ మొహాన నవ్వు కనిపించింది. గేమ్ ఎప్పటికీ పూర్తి కాకపోయినా నాకు ఫర్వాలేదు. ఆ కిటికీ తెర వేసుకోకుండా ఉంటే చాలు.'"