నోట రాని పేరు

“అమ్మా, కెమెరాలోకి చూసి మీ ఆయన పేరు చెప్పండి, చాలు,” అని ప్రదీప్ మళ్లీ అడిగాడు.

జగ్గమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఊరందరికీ తెలిసిన పేరే గదా బాబూ. నా సేత సెప్పించడమెందుకు?”

పక్కింటి లక్ష్మణమ్మ పకపకా నవ్వింది. “అది సెప్పదు బాబూ. సింహాచలం ఎల్లినా అర్చనకి ఆ పేరు నా సేతే సెప్పిస్తాది. నరసింహస్వామి అనడానికి కూడా దానికి నోరు రాదు, కొండమీద సామి అంటాది. నాను సెప్తాను రాసుకో, నరసింగరావు!”

పేరు వినబడగానే అరుగు మీద కూర్చున్న కవిగారు టక్కున తల తిప్పారు. “ఆఁ, నేనే. ఏటి కావాలి?”

నౌపడ ఉప్పుమళ్ల మీద ఆయన రాసిన కవితలు ఇప్పుడు పిల్లల పాఠాల్లో ఉన్నాయి. ఆయన మీద డాక్యుమెంటరీ తీయడానికే ప్రదీప్ వచ్చాడు. కవితలైతే ఇప్పటికీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివేస్తారు. కట్టుకున్న మనిషి అన్నం కలిపి నోట్లో పెడితే మాత్రం, “ఎవులమ్మా నువ్వు? నీకు పుణ్యముంటాది,” అంటారు. మాయదారి మతిమరుపు జబ్బు మరి! పొద్దువాలితే చాలు, ఎదురుగా ఉన్న ఉప్పుమళ్ల గట్టు వైపే చూస్తూ, “మా జగ్గి ఇంకా రాలేదేటి?” అని ఆ జగ్గమ్మనే అడుగుతారు. “వస్తాది లెండి,” అంటుంది. ఇంకేమంటుంది పాపం!

ఆ సాయంత్రం కెమెరా ముందు కవిగారు గొంతెత్తారు. “సముద్రాన్ని ఎండబెట్టి గుప్పిట పట్టి తెచ్చినదానా...”

“ఇది ఎవరి మీద రాశారు సార్?”

“మా ఆడదాని మీద. మళ్ల కాడికెల్లింది. రానీ, సూపిస్తాను.”

జగ్గమ్మ పక్కనే ఉంది. “ఇగో, ఇటు సూడండి. నానేనండి,” అంది. ఆయన చూడలేదు.

ప్రదీప్ కెమెరా ఆపేశాడు. ఆమెను పక్కకు పిలిచి, “గమనించారా అమ్మా? ‘ఇగో’ అంటే ఆయనకు అందట్లేదు. పేరు పెట్టి పిలిస్తేనే తిరుగుతున్నారు. సినిమా కోసం కాదు, మీ కోసం చెబుతున్నాను. ఒక్కసారి పిలిచి చూడండి,” అన్నాడు.

“పేరెత్తితే మొగుడి ఆయుస్సు తరిగిపోతాది బాబూ.”

“ఒసే జగ్గీ,” అంది లక్ష్మణమ్మ, ఈసారి నవ్వకుండా. “నిన్ను ఎరగని ఆయుస్సు ఎందుకే ఆయనకి? పిల్సెయ్యే!”

జగ్గమ్మ లేచి ముఖం కడుక్కుంది. బొట్టు దిద్దుకుంది. పడుచుదనంలో ఉప్పు తీయడానికి మళ్లలోకి దిగే రోజుల్లోలాగే చీర ఎగ్గట్టి, కొంగు నడుముకు బిగించి, ఆయన చూసే ఆ గట్టు మీదికే వెళ్లింది. సింహాచలం కొండ దిక్కుకి తిరిగి, “తరిగితే నా ఆయుస్సే తరగనీ సామీ,” అని దండం పెట్టింది. తలొంచుకుని ఇంటి వైపు నడిచింది.

అరుగు మీద కవిగారు ముందుకు వంగారు. ఆయన చేతులు అరుగు అంచును గట్టిగా పట్టుకున్నాయి. కళ్లలోకి ఎక్కడిదో వెలుగు వచ్చింది. తలొంచుకున్న జగ్గమ్మ అదేమీ చూడలేదు. అరుగు దగ్గరికొచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని, పుట్టిన తర్వాత మొదటిసారి ఆ పేరు పలికింది.

“నర... నరసింగరావూ!”

కవిగారు ఉలిక్కిపడ్డారు. ఆమె ముఖంలోకి చూశారు. మెల్లగా వెనక్కి వాలి, ప్రదీప్ చెయ్యి పట్టుకున్నారు.

“నడక సూసి మా జగ్గే అనుకున్నాను బాబూ. కాదు. సచ్చినా అది నా పేరెత్తదు.”