వర్క్ ఫోల్డర్‌లో ఒక లైను

"నిన్నటి బిల్డు తుడిచేశావా అక్కా?"

తమ్ముడి గొంతు విని చీపురు అక్క కుర్చీ వెనక్కి తిప్పింది. మధ్యాహ్నం మూడైంది. లాప్‌టాప్‌ను గుండెలకు హత్తుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

తమ్ముడంటే ఆమెకు సొంత తమ్ముడేం కాదు. అన్నదమ్ములిద్దరూ ఆ కంపెనీలోనే పనిచేస్తారు. అందుకే ఆఫీసంతటికీ పెద్దవాడు అన్న, చిన్నవాడు తమ్ముడు. ఆసుపత్రుల్లో రోగి ఒంట్లోకి మందును చుక్కచుక్కగా ఎక్కించే పంపులు వాళ్ళు తయారుచేస్తారు. ఇంజనీర్లు రాసిన లైన్లన్నీ కలిపి ఆ పంపుల్లో వేసే సాఫ్ట్‌వేర్‌గా బిల్డు చేసి బయటికి పంపే పని ఆమెది. ప్రతిసారీ పాతదంతా ఊడ్చిపారేశాకే మొదలుపెడుతుంది కాబట్టి చీపురు అక్క అయింది. పైకి విసుక్కుంటుంది గానీ ఆ పేరంటే ఆమెకు గర్వమే.

"తుడవకుండా ఎప్పుడు చేశాను? పైగా ఇది మన అన్న మంచం పక్కనున్న పంపులోకి వెళ్ళేది. ఒకటికి రెండుసార్లు తుడిచి, పొద్దున్నే మళ్ళీ మొదట్నుంచి బిల్డు చేశా. ఒంటిగంటకి వేసేశారట కూడా."

తమ్ముడి ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

అన్న మేడ మీంచి పడి పన్నెండు రోజులైంది. ఇంకా స్పృహ రాలేదు. పంపు ఎక్కిస్తున్న మందే గుండెను ఆడిస్తోంది. అది పావుగంట ఆగితే మనిషి దక్కడని డాక్టరు తేల్చి చెప్పాడు. పాత సాఫ్ట్‌వేర్‌కేమో ఉన్నట్టుండి ఆగిపోయే జబ్బుంది. కొత్తది అందరికంటే ముందు అన్న పంపుకే వేయాలని తమ్ముడు ఆసుపత్రివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడు. తోడబుట్టినవాడంటే ఇలా ఉండాలని ఆఫీసులో అందరూ చెప్పుకున్నారు.

"నిన్న సాయంత్రం నేనో లైను కలిపాను" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడ?"

"వర్క్ ఫోల్డర్‌లో."

చీపురు అక్క తల పట్టుకుంది.

"ఆరేళ్ళ సర్వీసు పెట్టుకుని ఇదేం పనిరా? సరుకు ఏ ఫోల్డర్లోంచి రావాలో, వంట ఏ ఫోల్డర్లో జరగాలో బిల్డు ఎలా చేయాలో చెప్పే రెసిపీలో రాసే ఉంది కదా! సోర్స్ అంటే సరుకుల గది. వర్క్ ఫోల్డరంటే పొయ్యి మీది గిన్నె. నువ్వు ఉప్పు తీసుకెళ్ళి గిన్నెలో వేశావు. నేనా గిన్నె తోమేసి, గదిలోంచి సరుకులు తెచ్చి మళ్ళీ వండాను. ఇంకెక్కడి ఉప్పు?"

"నిన్న ఒకసారి తుడిచే చేశావు కదా, ఆ బిల్డే పంపిస్తావనుకున్నా."

"అదే సోర్స్‌లో రాసుంటే నీ పేరు, తేదీ, టైముతో సహా నిక్షేపంలా ఉండేది. ఇంతకీ ఏమిటా లైను? పంపు ఆగిపోతోందే, దానికేనా?"

"ఆ... దాని గురించే."

ఆమె గడియారం చూసింది. పంపులో సాఫ్ట్‌వేర్ వేసి రెండు గంటలైంది. ఆ లైను లోపల లేదు. తీసేసింది ఎవరో కాదు, తనే. అన్నకేమైనా అయితే ఆ పాపం తన చేతులకే అంటుకుంటుంది. ఇన్నేళ్ళుగా పనికొచ్చిన శుభ్రత ఇవాళ మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

"ఇలా తే ఆ లాప్‌టాప్. ఇప్పుడే సోర్స్‌లో రాసి మళ్ళీ బిల్డు చేద్దాం. నలభై నిమిషాల పని."

తమ్ముడు కదల్లేదు. పాపం, భయంతో బిగుసుకుపోయాడనుకుని ఆమే లాప్‌టాప్ లాక్కుని బల్ల మీద పెట్టింది. అంతలో అతని ఫోన్ మోగింది. వదిన.

అతను తీయలేదు. తీసే ధైర్యం లేదని ఆమెకు అర్థమైంది. ఫోన్ అందుకుని స్పీకర్ నొక్కింది.

"చిన్నా..."

ఆ తర్వాత అవతల ఏడుపు తప్ప మాట లేదు. అంతా అయిపోయిందనుకుంది చీపురు అక్క.

"చిన్నా, మీ అన్నయ్య కళ్ళు తెరిచారురా! నన్ను గుర్తుపట్టారు. నీ పంపే కాపాడిందిరా! ఆ రోజు మేడ మీద ఏం జరిగిందో చెప్పాలంటున్నారు. పోలీసుల్ని పిలిపించమన్నారు. నువ్వు తొందరగా రా."

తమ్ముడు గోడకు జారగిలబడి అలాగే నేల మీద కూలబడ్డాడు.

"పిచ్చివాడా, సంతోషానికి కూడా కూలబడతారా!" చీపురు అక్క కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ముందు ఆసుపత్రికి వెళ్ళు. నీ లైను సంగతి నేను చూసుకుంటా."

నవ్వుతూనే లాప్‌టాప్ తెరిచింది. నిన్నటి ఫైలు తెర మీద మూయకుండానే ఉంది.

తమ్ముడు కలిపిన ఆ ఒక్క లైను పంపుకు చెబుతున్నది ఇదీ: మొదలైన గంటకు మందు ఆపేయి, అలారం మోగించకు.