కింది అరలో బరువు

"ఆ బొమ్మను పైన పెట్టింది ఎవురమ్మా?" అన్నాడు మునిరాజ, చెప్పులు ఇంకా విడవకుండానే.

పుస్తకాల బీరువా నెత్తిన టెడ్డీబేర్ కూర్చుని ఉంది. పాప దాన్ని రోజూ బకెట్లో ముంచుతోందని, చేతికి అందకుండా రాజేశ్వరే అక్కడికి ఎక్కించింది. ఆ మాటే చెప్పింది.

అతను బొమ్మను దించి, రాజేశ్వరి చంకలో ఉన్న పాప చేతుల్లో పెట్టాడు. "బిడ్డకు కావల్సింది పైన పెడితే, దానికోసం ఎక్కుతాది" అన్నాడు. పాప నవ్వింది. అతను అప్పటికే గోడ వైపు తిరిగిపోయాడు.

రాజేశ్వరికి ఒళ్లు మండింది. పుంగనూరు నుంచి మదనపల్లెకు బదిలీ మీద వచ్చి, ఈ ఇంట్లో దిగి నిండా రెండు రోజులు కాలేదు. భర్త దిలీప్ పొద్దున్నే కాలేజీకి వెళ్లిపోయాడు. ఇంతలో ఇంటి ఓనరు నాగరత్నమ్మ ఈ మనిషిని వెంటబెట్టుకొచ్చింది. కుప్పం నుంచి డ్రిల్లింగ్ మిషన్ సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి వచ్చాడట. ఎందుకయ్యా అంటే, వీళ్ల బీరువాను గోడకు బిగించడానికి. బిగించమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"పుస్తకాలన్నీ దించల్లమ్మా."

"అన్నీనా అన్నా? నిన్నంతా కూర్చుని సర్దాను."

"అన్నీ."

ఆమె సర్దడం చూడముచ్చటగానే ఉంది. వారపత్రికల్లోంచి చింపి కుట్టించుకున్న సీరియళ్లు, దిలీప్ చరిత్ర గ్రంథాలు, ఇటుకల్లాంటి నిఘంటువులు పై అరల్లో. ఇంటికొచ్చిన వాళ్లకు కనబడాలి కదా. సన్నపాటి గైడ్లు, చిరిగిన నోటుబుక్కులు అడుగున.

అతను దాన్ని తలకిందులు చేసేశాడు. నిఘంటువులు అడుగుకు వెళ్లాయి. గైడ్లు పైకెక్కాయి. పాప బొమ్మల పుస్తకాలను వెతికి వెతికి కింది అరలో, అంచుకు పెట్టాడు. నడిమి అర అప్పుడే కుంగి ఉంటే, పలక ఊడదీసి బోర్లా వేశాడు.

"బరువు నడాన పెడితే పలక వంగుతాది. కొసలకు పెట్టల్ల. పలకకు ఆ పక్క, ఈ పక్క ఆనుకునేదానికి ఏమన్నా ఉంటాది గదా. నడాన ఏముండాది?"

బీరువా ముందరి కాళ్ల కింద అట్టముక్క మడిచి దూర్చాడు. అది ఒక్క వేలెడు వెనక్కి ఒరిగి, గోడకు ఆనుకుంది.

"ఇంత బరువున్నది పసిబిడ్డ లాగితే పడుతుందా అన్నా?" అంది రాజేశ్వరి. చాదస్తం అనడానికి నోరు రాక అలా అంది.

"లాగితే పడదమ్మా. ఎక్కితే పడతాది. కాలు మొదట కింది అర మీద పెడతాది. అప్పుడేం గాదు. రెండో దాని మీద పెట్టినాక చేతులు నాలుగో అరకు పోతాయి. అప్పుడు బీరువా ముందుకొస్తాది. పన్నెండు కేజీలు సాలు."

బస్సు టైములు చెప్పినట్టు చెప్పాడు.

"అరుస్తాదేమో, పరిగెత్తుకోని పోదాంలే అనుకుంటారు. అరవదు. పక్క రూములో ఉండేవాళ్లకు పుస్తకాలు పడినట్టే ఇనిపిస్తాది."

రాజేశ్వరికి భయమేసింది. పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని గట్టిగా పట్టుకుంది. కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

మిషన్ మొదలైంది. రంగు వేసిన గోడ నుంచి సిమెంటు పొడి రాలి కొత్త టైల్స్ మీద పడింది. పుంగనూరు ఇంట్లో ఓనరు క్యాలెండరుకు మేకు కొట్టనివ్వకపోతే, ఏడాదంతా కిటికీ ఊచకే తగిలించుకున్నారు వీళ్లు.

"గోడ పాడవుతోందమ్మా" అంది రాజేశ్వరి మొహమాటంగా.

"గోడే గదమ్మా" అంది నాగరత్నమ్మ. ఆమె వచ్చినప్పటి నుంచీ గుమ్మం బయటే నిలబడి ఉంది. లోపలికి అడుగు పెట్టలేదు.

ఇలాంటి ఓనరు దొరకడం అదృష్టమని, సాయంత్రం దిలీప్‌కు చెప్పాలని అనుకుంది రాజేశ్వరి.

రెండు క్లాంపులు, నాలుగు స్క్రూలు బిగిశాయి. అతను రెండో అర మీద ఒక కాలు ఆనించి, నాలుగో అరను రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలాడు. బీరువా కదల్లేదు. అతను కూడా చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత దిగి, రాలిన పొడిని తనే ఊడ్చాడు.

నాగరత్నమ్మ తన ఇంటి నుంచి కాఫీ తెచ్చి గుమ్మంలోంచే చాపింది. అతను ఆ గ్లాసు వైపు చూడలేదు. "కొంచెం నీళ్లియ్యమ్మా" అని రాజేశ్వరిని అడిగి తాగాడు. సంచి భుజాన వేసుకుని, నాగరత్నమ్మ పక్కనుంచే మెట్లు దిగి వెళ్లిపోయాడు. వస్తానని కూడా అనలేదు.

పెద్దావిడ పట్ల ఆ మాత్రం మర్యాద లేదేంటని రాజేశ్వరికి మనసు చివుక్కుమంది.

"మదనపల్లెలో వడ్రంగులే లేరా అమ్మా? అంత దూరం నుంచి ఆయన్నే పిలిపించాలా?"

"నేను పిలిపించలేదమ్మా. ఈ ఇంట్లోకి ఎవురు దిగినా నాకొక ఫోన్ చెయ్యి అన్నాడు. చేస్తాండాను. ఇల్లు కాళీ చేసి పోయేటప్పుడు ఆయప్ప అడిగింది అదొక్కటే."

"ఇల్లు ఖాళీ చేసేటప్పుడా?"

నాగరత్నమ్మ చల్లారిన కాఫీని కిందికి వంచి పారబోసింది.

"నాలుగేండ్ల కింద ఆయప్ప ఈ ఇంట్లోనే బాడుగకుండి, బిడ్డ బీరువా ఎక్కుతాండాది, గోడకు రెండు స్క్రూలు ఏసుకుంటానని మూడు తూర్లొచ్చి అడిగితే, కొత్త పెయింటు పాడైపోతాదని మూడు తూర్లూ పంపించేసినాను."