బావి రాతి అచ్చు

దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ, ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

అప్పుడు మనది కర్నూలు జిల్లా, ఏలుబడి మద్రాసు నుంచి. కొమరోలు దారిలో ఒక పాలెం ఉండేది. ఆ పాలెం వాళ్ళను ఊరి బావుల దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు కడవ ముంచుకోగలిగింది ఒక్కచోటే, బండ్లబాట పక్కనున్న దిగుడుబావిలో.

ఒక ఎండపూట ఆ పాలెం అన్నమ్మ నీళ్ళకు వెళ్ళేసరికి, మెట్ల దగ్గర పాతిన రాతిని ఎవరో కొత్త మనిషి నీళ్ళు పోసి రుద్దుతున్నాడు.

"ఏంది నాయనా, రాతికి తానం పోస్తా ఉండావా?"

"అవునమ్మా. దీనికి ఎవరైనా పోసి ఎన్నేండ్లయిందో!"

"యాడనుంచి వచ్చినావు?"

"చరిత్ర సంఘం పంపింది. పాత రాతల అచ్చు తీసి పుస్తకాలు వేస్తాం, బళ్ళకు పంపుతాం. మీ పిల్లలు ఢిల్లీ రాజుల సంగతి చదువుతారు గదా, మీ బావి సంగతి చదవొద్దా?"

"మా బావికి సంగతేముంది? నీళ్ళుండాయి, అంతే."

ఆయన నవ్వాడు. తడి కాగితం రాతికి అంటించి, గట్టి కుంచెతో టపటపా కొట్టాడు. పైన నల్లరంగు అద్దాడు. కాగితం ఊడదీస్తే నలుపు మీద తెల్లటి అక్షరాలు.

అన్నమ్మ కడవ కిందపెట్టి దగ్గరికి వచ్చింది.

"ఏం రాసుందో చెప్పు నాయనా."

"సగం అరిగిపోయిందమ్మా. సంఘం పెద్దలు చూసి సరేనన్నాకే చెప్పాలి. నేనిప్పుడు తప్పు చదివితే ఆ తప్పే నిలిచిపోతుంది."

ఆ సాయంత్రమే ఊరి కరణం లక్ష్మీనరసయ్య పాలేనికి వచ్చాడు. ఆయన రావడం ఎప్పుడూ మంచికి కాదు.

"రాతి మీది అక్షరాలు వాడెవడో తీసుకున్నాడంటనే?"

"కాగితం మీదికి సామీ. రాతి మీద అట్లనే ఉండాయి" అంది అన్నమ్మ.

"ఉన్నట్టే ఉంటాయి. పీనుగ కూడా మనిషిలాగే ఉంటుంది మే! ప్రాణం కాగితంలోకి ఎక్కింది. రేపు నీళ్ళు చూసుకోండి."

తెల్లారేసరికి బావిలో నీళ్ళు తగ్గి రెండు మెట్లు బయటపడ్డాయి.

అదే పొద్దున కరణం తమలపాకు తోటలో కాలువలన్నీ తడిగా ఉన్నాయి. అటు ఎవరూ చూడలేదు.

అన్నమ్మ మొగుడు వరప్రసాదం పదిమందిని వెంటబెట్టుకుని ఆ మనిషి మీదికి పోయాడు.

"కాగితం ఇయ్యి."

"ఇది ఒక్కటే ఉంది అబ్బాయీ. సంఘానికి చేరనివ్వు, ఆ తరువాత నన్ను కొట్టండి."

"నిన్ను కొట్టి ఏం జేసుకోవాల? మా నీళ్ళు మాకు రావాల."

లాక్కున్నారు. ప్రాణం మళ్ళీ బావిలోకి పోవాలని కాగితాన్ని నీళ్ళలో ముంచి పట్టుకున్నారు. నల్లరంగు మెల్లగా నీటినిండా పరుచుకుంది.

ఆయన మెట్టు మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాడు.

"రాతిని మాత్రం కాపాడుకోండి. కొత్త కాగితం తీసుకుని మళ్ళీ వస్తాను" అని, నెత్తిన తువ్వాలు వేసుకుని ఎండలోనే గిద్దలూరు దారి పట్టాడు.

నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి.

"చచ్చిన రాయి గట్టున ఉంటే నీళ్ళెట్ల నిలుస్తాయిరా?" అన్నాడు కరణం.

గడ్డపార తెచ్చింది వరప్రసాదమే. రాతి ముక్కలు సున్నపు బట్టీలో పడ్డాయి.

వారం తిరగలేదు, బావి చుట్టూ కరణం కంప వేయించాడు.

"ఇదేంది సామీ?" అన్నాడు వరప్రసాదం.

"మా తాతల బావిరా ఇది. కాదంటావా? కాగితమో రాయో ఏదో ఒకటి చూపించు."

పాలెం ఆడవాళ్ళు మూడు మైళ్ళు నడిచి వాగులో చెలమలు తవ్వుకున్నారు. ఆ నీళ్ళు తాగి అన్నమ్మ చిన్నబిడ్డ వాంతులతో రెండు రోజుల్లో పోయింది.

వానలు మొదలయ్యాక మిషను బడి పంతులు నిత్యానందానికి సంఘం నుంచి ఒక కట్ట వచ్చింది. పిల్లలకు చరిత్ర పుస్తకాలు, పైన ఒక జాబు.

సంగతి తెలిసి అన్నమ్మ పరుగున వచ్చింది.

"ఆయన్ను మళ్ళీ పంపుతారంటనా పంతులూ? మా బావి ఎవరిదో ఆయనే చెప్పాల."

"ఆయన లేడు అన్నమ్మా. గిద్దలూరు సత్రంలో వడదెబ్బకు పోయినాడంట."

అన్నమ్మ జాబు వైపు చూసి అడిగింది.

"ఇంకేం రాసినారు?"

"రాతి అచ్చు మన దగ్గరుంటే పంపమంటున్నారు."

పంతులు జాబు రెండో వైపు తిప్పాడు.

చివరి వరసలు బయటికి చదివాడు: ఏ కులం వాడైనా ఈ నీళ్ళు ముంచుకోవచ్చునని రాతి మీద రాయించి ఆ బావి తవ్వించినవాళ్ళు తన పూర్వీకులేనని అచ్చు తీసినాయన సంఘంతో చెప్పుకున్నాడట, ఆ మాటను ఎవరూ చెరపకుండా పుస్తకంలోకి ఎక్కించాలనే, వంశంలో మిగిలిన ఆ ఒక్క మనిషీ సంఘంలో చేరాడట.

ఆ జాబును కూడా చెదలు తినేశాయి పిల్లలూ. ఇప్పుడీ సంగతి మీ నోట్లోనే ఉంది, మరిచిపోకుండా మీ తరువాతి వాళ్ళకు చెప్పండి.