నదిలో దాచిన బొమ్మలు

చేతిపనివాళ్లకు సాయం చేసే లండన్ సంస్థకు సన్యాసమ్మ తరఫున మనవరాలు ఆశ పెట్టిన దరఖాస్తుకు జవాబొచ్చింది.

"మామ్మా, నీ పాతబొమ్మలు ఐదింటి ఫొటోలు కావాల్ట. లేకపోతే నీకు పని వచ్చని నమ్మరట."

సన్యాసమ్మ యాంగోన్‌లో నలభై ఏళ్లుగా మట్టి గౌరమ్మలను చేస్తోంది. ఒక్కదానికీ ఎప్పుడూ ఫొటో తియ్యలేదు. పండగ కాగానే అన్నీ నదిలో కలిసిపోతాయి.

"ఈసారి ఒకటైనా నిమజ్జనం చెయ్యకుండా దాచేద్దామా?" అంది ఆశ.

"గౌరమ్మని సాగనంపకుండా అట్టేపెడతావేటే? ఆళ్లు నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత!"

విసురుగా లేచి, ఏటా గౌరమ్మలను నిమజ్జనం చేసే లమ్మడా రేవుకు వెళ్లింది. తట్టెడు ఒండ్రుమట్టి తెచ్చి ఆశ ముందు దించింది.

"తియ్యి ఫొటో. ఐదేటి, నలబయ్యేళ్ల బొమ్మలూ ఇందులోనే ఉన్నాయని రాయి."

ఆశ ఫొటో తీసింది.

సన్యాసమ్మ అదే మట్టిలో నీళ్లు పోసి, రాబోయే పండగ గౌరమ్మ కోసం పిసకడం మొదలుపెట్టింది.