మేడ తలుపు

“చిట్టిని ఇప్పుడే బడిలో దింపి వస్తున్నా,” అన్నాడు వడ్రంగి, ఆస్పత్రి మంచం మీద కాళ్ళూపుకుంటూ. “దారిపొడుగునా ఒకటే కబుర్లు దానివి!”

పక్కన కూర్చున్న భార్య సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. ఆయన ఈ గది దాటి మూడు నెలలైంది. నిన్నేమో ఏదో కోటకు ద్వారబంధం బిగించి వచ్చానన్నాడు. మొన్న పడవ చేశానన్నాడు. నర్సులు ముసిముసిగా నవ్వుకున్నారు. ఆమెకు నవ్వే ఓపిక ఎప్పుడో పోయింది.

“అవి అబద్ధాలు కావమ్మా,” అన్నాడు పక్కనే ఉన్న డాక్టరు. “జ్ఞాపకం పోయినచోట మనసు ఏదో ఒకటి అల్లి పూడ్చేస్తుంది. ఆయన మటుకు నిజమనే నమ్ముతాడు. వాదించకండి. నిజం రాసి చూపిస్తూ ఉండండి.”

ఆమె నోటుపుస్తకం తెరిచి భర్త ఒళ్ళో పెట్టింది. ఆయన వేలుపెట్టి చదువుకున్నాడు.

‘మేడ తలుపు గడియ పెట్టడం మీరు మర్చిపోయారు. చిట్టి పైకెళ్ళి పడిపోయింది. ఇక లేదు. దాని కోసం పరుగెత్తబోయి మీరు మెట్ల మీంచి దొర్లారు. తలకు దెబ్బ తగిలింది.’

ఆయన పుస్తకం మూసేశాడు.

“లేదే! నేను గడియ పెట్టాను. రెండుసార్లు లాగి కూడా చూశాను!”

“అదీ మీరు అల్లుకున్నదేనండీ.”

ఆయన మోకాళ్ళలో తల దూర్చి భోరుమన్నాడు. ఆ కబురు ఆయనకు రోజూ కొత్తే. రోజూ బిడ్డ అప్పుడే పోయినట్టు ఏడుస్తాడు.

డాక్టరు చూడలేకపోయాడు. “ఆ ఒక్క పేజీ చించెయ్యకూడదామ్మా?”

“నిజం రాయమన్నది మీరే కదండీ.”

డాక్టరు నిట్టూర్చి, తలుపు ఓరగా వదిలి వెళ్ళిపోయాడు. వడ్రంగి ఏడుస్తూనే లేచాడు. తలుపు మూసి గడియ పెట్టాడు. రెండుసార్లు లాగి చూసి, మళ్ళీ వచ్చి కూలబడ్డాడు.

“నన్ను క్షమిస్తావా?”

“ఎప్పుడో క్షమించానండీ.”

రోజూ అడుగుతాడు, రోజూ క్షమిస్తుంది. ఆ మాట అన్నాక ఆమెకు ఆ పూట అన్నం సయించదు.

ఆమె ఉతికిన ఆయన చొక్కా పిండి మంచం కమ్మీ మీద ఆరేసింది. ఇంట్లోనూ అంతే, బట్టలన్నీ గదిలోనే ముక్కిపోతున్నాయి. ఆమె మేడ మెట్లు తొక్కి మూడు నెలలైంది.

చిట్టి పడిన రోజు బట్టలు ఆరేసి చివరగా మేడ దిగింది ఆమే.