ఎదురుకాళ్ళ పిల్ల

మీకో నిజం చెప్పేస్తాను. నేను మనుషుల్ని తంతాను. పుట్టినప్పుడు తలకి బదులు కాళ్ళు ముందొచ్చాయి కాబట్టి, నడుం పట్టేసినోళ్ళని నేను తంతే తగ్గుద్దని మా పిడుగురాళ్లలో నమ్మకం. బీటెక్ చదివినా ఈ డ్యూటీ తప్పలేదు.

ఆ పొద్దున లారీ డ్రైవర్ ఇమాం మామ మా వరండాలో బోర్లా పడుకున్నాడు.

"తన్నవే," అంది అమ్మ.

"నాకే డిస్క్ జారిందమ్మా. డాక్టర్ ఆపరేషన్ అంటే నువ్వే గదా వద్దంటున్నావు."

"కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసేదానికి డిస్క్ జారేదేంది? ఎదురుకాళ్ళదానికి నడుంనొప్పి రాదు."

"కానీయ్ అమ్మాయ్, సున్నం లోడుతో బండి ఆపుకొని వచ్చా," నేలకేసి మూలిగాడు మామ.

నాకు ఒళ్ళు మండింది. అమ్మ మీది కోపమంతా కాల్లోకి తెచ్చుకుని ఆయన నడుం మీద ఒక్కటి తన్నాను. నా నడుంలో ఏదో తెగినట్టయింది. కాలు చచ్చుబడి ఆయన పక్కనే కూలబడ్డాను. తోక తొక్కిన కుక్కలా అరిచాను.

"నటించింది చాల్లే, లెగువ్," అమ్మ నా రెక్క పట్టి లాగింది. మళ్ళీ అరిచాను.

మామ మోచేతుల మీద పాక్కుంటూ వచ్చి అమ్మ చేతి మీద ఫట్‌మని కొట్టాడు.

"వదులు చెల్లెమ్మా. ఇది నా అరుపే. లారీ దిగేటప్పుడు రోజూ ఇట్టాగే అరుస్తా. దీన్ని ఎవరూ నటించలేరు."

అమ్మ నన్ను వదిలేసింది. నిదానంగా నా పక్కన కింద కూర్చుంది.

"ఆ డాక్టర్ ఆపరేషన్ ఎప్పుడన్నాడే?"

మీ నొప్పిని మీ ఇంట్లో ముందుగా నమ్మిందెవరో నాకు రాయండి. తన్నమని మాత్రం అడక్కండి.